కానుగ పూసేదాకా పోశవ్వ

నస్పూర్,
ఫిబ్రవరి 20.

లిడియాకు,

నువ్వు మోసగత్తెవు. ఊరి కళ్లల్లో పసుపు కొట్టావు. బుకాయించకు. సాక్ష్యం నా ముందే ఉంది: ఇవాళ్టి పేపరు, జిల్లా పేజీ, రంగుల ఫొటో. ‘కానుగ కింద వెలసిన పోశవ్వ, తండోపతండాలుగా భక్తులు’ అని శీర్షిక. తండోపతండాలు అన్నారు గానీ ఫొటోలో ఉన్నది ఐదుగురు మనుషులు, ఒక మేక. సరే, వాళ్ల గోల వదిలెయ్. నేను చూసింది దేవతను.

పోశవ్వకు ఎడమ పక్క, కింద, ఒక పెచ్చు ఊడి ఉంది. ఆ పెచ్చు ఊడగొట్టింది నేనే. మీ అక్క మమతారాణిని చేసుకున్న కొత్తలో, మీ వాకిట్లో నిలబడి ‘వంటపని ఆడవాళ్ల ఒక్కరిదే కాదు’ అని ఉపన్యాసమిచ్చి, మిరపకాయలు నూరబోయి, పొత్రం చేజార్చి బండకు కొట్టాను. ఆరోజు మీ అమ్మ మార్తవ్వ అన్న మాట ఇరవై ఏడేళ్లయినా నా చెవిలోనే ఉంది: “అల్లుడా, నీ సమానత్వం సల్లగుండ, నా పొత్రం ఇడువు.”

కాబట్టి మీ ఊళ్లో వెలసింది పోశవ్వ కాదు, మా అత్త కారం నూరిన పొత్రం. ఆమె పోయాక అది నీ వంటింట్లో ఉంది. కాళ్లొచ్చి నడిచి పోయిందా? నువ్వు మెథడిస్టు చర్చిలో స్త్రీల సమాజం కార్యదర్శివి. ఆదివారం బడిలో పిల్లలకు ‘విగ్రహాలు చేసుకోకూడదు’ అని ఆజ్ఞ అప్పజెప్పిస్తావు. నీకిదేం బుద్ధి?

ఫోన్లో అడుగుదామంటే నన్ను నిరుడే కాల్స్‌లోనూ వాట్సప్‌లోనూ బ్లాక్ చేశావు. తెల్లారేసరికి నలభై లైన్ల వాదన పంపడం నేరమైపోయింది. పర్వాలేదు, పోస్టాఫీసు ఇంకా బతికే ఉంది. జవాబు రాయి. సాకులు వద్దు.

పరశురాములు


తుమ్మలకుంట, చొప్పదండి దగ్గర,
ఫిబ్రవరి 27.

బావా,

అక్కకు ముద్దులు, నీకు దండాలు. కవరు మీద అడ్రసు పక్కన కూడా ఆశ్చర్యార్థకం పెట్టావు. పోస్ట్‌మాన్ అడిగాడు: “మీ బావ గుస్స మీదున్నడా అక్కా?” ఎప్పుడు లేడని చెప్పాను.

అవును, పొత్రం పెట్టింది నేనే. ఎందుకో విను.

నా దగ్గర పన్నెండు పెట్టెల పుట్ట తేనెటీగలు ఉన్నాయని నీకు తెలుసు. వాటి ఆకలి నీకు తెలియదు. నువ్వు బస్సు దిగగానే ‘మీ ఊరు ఎంత పచ్చగా ఉంది’ అంటావు. అదంతా వరి బావా. కాలువ నీళ్లు వచ్చినప్పటి నుంచి ఊరు ఊరంతా వరే. అందులో ఈగకు ఒక్క చుక్క తేనె లేదు. గట్ల మీద తుమ్మికూర, గడ్డిచామంతి పూస్తే వాటితో గడిపేవి. ఇప్పుడు గట్టు నున్నగా కనబడాలని గడ్డిమందు కొడుతున్నారు. జనవరిలో కొత్తిమీర మళ్లు పూశాయి, అయిపోయాయి. మోదుగ పూసింది గాని అది పిట్టల సొమ్ము. మార్చిలో అక్కడక్కడ నువ్వుల చేలు. అసలు విందు ఏప్రిల్‌లో, కానుగ పూతకు. మా రోడ్డు పొడుగునా నలభై ఒక్క కానుగ చెట్లున్నాయి. అవి మూడు వారాలు పూస్తే నా ఈగలు వానకాలం దాటుతాయి. లేకపోతే ఉండవు. ఈగ ఎవరినీ అడుక్కోదు. తిండి లేదని తేలిన రోజున గదుల్లో పిల్లపురుగులను కూడా వదిలేసి, రాణితో సహా లేచిపోతుంది. మూత తీస్తే మైనం, చీమలు. నిరుడు మూడు పెట్టెలు అట్లా చూశాను. పన్నెండూ అట్లా చూడలేను.

జనవరిలో రోడ్డు వెడల్పు చేస్తామని వచ్చి చెట్లకు సున్నంతో నంబర్లు వేశారు. వీటిని కొట్టి రోడ్డు నడుమ కోనోకార్పస్ పెడతారట. దాని పూత మీద ఒక్క ఈగ వాలగా నేను చూడలేదు. మూడు అర్జీలు ఇచ్చాను. మూడోసారి రోడ్ల ఆఫీసులో ఇంజినీరుతో జరిగిన ముచ్చట ఇది:

“చెట్లు కొట్టకుంటె రోడ్డెట్ల పెద్దగైతదమ్మా?”

“పడమటి దిక్కు సర్కారు జాగ ఖాళీగుంది గదా సార్, గటు జరపున్రి.”

“ప్లాన్ల లేదు.”

“ప్లాన్ ఎవలు గీసిన్రు?”

“పైనోళ్లు.”

పైన ఒక్కడే ఉంటాడని నాకు చిన్నప్పటి నుంచి నేర్పారు. చాలామంది ఉన్నారట.

ఇంతలో ఒక శనివారం నా నాలుగో పెట్టె గుంపు లేచింది. కొత్త రాణి పుట్టబోతుంటే పాత రాణి సగం మందిని వెంటేసుకుని ఇల్లు విడుస్తుంది. మీ హేతువాద సంఘాలు చీలినట్టే, కాకపోతే కరపత్రాలుండవు. అది పోయి ఏడో నంబరు కానుగకు గుమ్మడికాయంత వేలాడింది. పట్టుకుందామని చాట తీసుకుని ఉరికాను. అప్పటికే తొర్రలో దూరుతున్నాయి. అదే చెట్టు ముందు నిర్మల్ దిక్కు నుంచి వచ్చిన కూలీలు రంపం మిషన్లు దింపుతున్నారు. వాళ్ల మేస్త్రీ తొర్రను చూసి, “సోమారం పొగవెట్టి కొడ్తం తియ్” అన్నాడు.

మధ్యలో ఒక్క ఆదివారం. ఆరాధనకు బైబిలు సంచీలో పొత్రం పెట్టుకుని వెళ్లాను. పాస్టరమ్మ పట్టుకుంది. “సంచి గంత బరువున్నది, ఏందమ్మా?” “పాత నిబంధన అమ్మా” అన్నాను. మొత్తం మీద నేనాడిన అబద్ధం అదొక్కటే, దానికి క్షమాపణ కూడా అడుక్కున్నాను. చర్చి విడిచాక ఊరంతా అన్నాలు తినే వేళ, రాయిని కడిగి ఏడో నంబరు కానుగ కింద నిలబెట్టి, పసుపు రాసి, బొట్టు పెట్టి, రెండు వేపమండలు గుచ్చి వచ్చాను. దానికి పోశవ్వ అని నేను పేరు పెట్టలేదు. మొక్కమని ఎవరికీ చెప్పలేదు. మిగతాదంతా ఊరే చేసుకుంది.

సోమవారం చెట్టు వెనుక నిలబడి చూశాను. మా పక్కింటి బుచ్చవ్వ ముందు వచ్చింది. డెబ్బై ఏళ్లు, ఇంకా నాటుకు పోతుంది. రాయిని చాలాసేపు చూసి, “ఏడ నుంచి వచ్చినవే తల్లీ!” అని సాగిలపడింది. ఇక ఊరు ఆగుతుందా? మేస్త్రీ రంపం కింద పెట్టి చెంపలు వేసుకున్నాడు. “ఏడో నంబరు ఇడిసి తక్కినయి కొట్టున్రి” అని కాంట్రాక్టరు అరిస్తే, “పోశవ్వకు అక్కచెల్లెండ్లు ఉంటరు సేటూ. ఏ చెట్టు కింద ఏ చెల్లె ఉన్నదో నాకేం ఎరుక? నాకు ఇద్దరు ఆడివిల్లలు. నేను కొయ్య” అని లారీ ఎక్కాడు.

నిన్ను అడిగేది ఒకటే. ఏప్రిల్ దాటేదాకా ఈ పెచ్చు సంగతి ఎక్కడా ఎత్తకు. పూత అయిపోయాక నీ ఇష్టం, నా మీద పుస్తకం రాసుకో.

లిడియా


నస్పూర్,
మార్చి 6.

మరదలా,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. మొదటిసారి కోపంతో. రెండోసారి మీ అక్క బయటికి చదవమంటే. మూడోసారి ‘పాత నిబంధన’ దగ్గర మళ్లీ చదవమంటే. నా ఇంట్లో నేను మైనారిటీ.

గనిలో షిఫ్టు దిగి, స్నానం చేసి, ఊరూరు తిరిగి ఇరవై ఏళ్లుగా నాలుక మీద కర్పూరం వెలిగించి చూపిస్తున్నాను. ‘ఇందులో మహిమ లేదు, మతలబు ఉంది’ అని చెప్పడానికి నా నాలుక రుచి పోగొట్టుకున్నాను. కూరలో ఉప్పు ఉందో లేదో నాకు తెలియదు. అట్లాంటి నా అత్తగారింటి పొత్రమే దేవతై బయల్దేరితే నేను సంఘంలో ఎవరికి మొహం చూపించాలి?

అబద్ధంతో చెట్లు కాపాడావు. బాగుంది. అదే అబద్ధం పట్టుకుని రేపు చెట్లు కొట్టేవాడు వస్తాడు. రాసిపెట్టుకో. నేను యాభై ఊళ్లలో చూశాను, ఎక్కడైనా ఒకటే వరుస. మొదట కొబ్బరికాయ. తర్వాత కోడి. తర్వాత సిమెంటు గద్దె. తర్వాత రేకుల షెడ్డు, దాని మీద దేవత పేరు కంటే పెద్ద అక్షరాల్లో దాత పేరు. ఆఖరికి మైకు. మైకు ఇష్టమేనా అని నీ ఈగలను అడుగు.

అసలు జనానికి నిజమే ఎందుకు చెప్పలేదు? ఈగ వాలకపోతే నువ్వుల కాయలో గింజ పట్టదని, బీరపాదు పూసి రాలిపోతుందని విడమరిచి చెబితే అర్థం కాదా? వాళ్లకు దేవత భాష తప్ప రాదనుకున్నావా? నన్నడిగితే నువ్వు చేసిన అసలు నేరం ఇదీ: జనాన్ని తక్కువ చేశావు.

ఇంకొకటి చెప్పాలి. చెప్పడం ఇష్టం లేదు. ఆరోజు పేపరు తెరిచి శీర్షిక చూడగానే, ఫొటోను సరిగా చూడకముందే, మా హేతువాద సంఘానికి ఫోన్ కొట్టి తుమ్మలకుంటలో సభ పెట్టాలని పట్టుబట్టాను. పెచ్చు కనిపించేసరికి తీర్మానం అయిపోయింది. ఏప్రిల్ పద్నాలుగు. ప్రధాన వక్తను నేనే. కరపత్రం కూడా అచ్చయింది: ‘రాయి దేవుడెట్లాయె?’ వెయ్యి కాపీలు.

రద్దు చేయమంటావేమో. చేయను. మీ అక్కకు అదే చెప్పాను. ఆమె జవాబు ఉన్నదున్నట్టు రాస్తున్నాను: “మా అవ్వ పొత్రం మీద సభ వెడ్తవా? పెట్టు. గా దినం నుంచి నీ బువ్వ నువ్వు వండుకో. పచ్చడి సుత నువ్వే నూరుకో, ఏంతోని నూరుకుంటవో ఏమో.”

ఇక్కడ నిజానికి దిక్కు లేదు.

పరశురాములు


తుమ్మలకుంట,
మార్చి 24.

బావా,

నీకు శుభవార్త. నువ్వు చెప్పిందే జరిగింది. సంతోషించు, తర్వాత ఈ ఉత్తరం చదువు.

కొబ్బరికాయలయ్యాయి. కోళ్లయ్యాయి. ఇప్పుడు గద్దె. పాత వార్డు మెంబరు బాలమల్లు టేపు పట్టుకుని చెట్టు దగ్గరికి వచ్చాడు.

“అవ్వ ఒక్కతి ఎండల కూసుండె. మనం ఫ్యాన్ల కింద. సిగ్గుండాలె మనకు. గద్దె కడ్తం, రేకులేస్తం.”

“చెట్టు నీడ ఉండంగ రేకులు ఎందుకన్నా?” అన్నాను.

“గీ ఆరు, ఎనిమిది నంబర్ల చెట్లు తీస్తె మంచి జాగైతది.”

“చెట్టు కింద ఉండాలనే గద గామె వచ్చింది!”

“వచ్చినప్పుడు షెడ్డు లేకుండె గదా, పాపం.”

దీనికి జవాబు నీ దగ్గర ఉందా?

అది కాక రోజూ తొర్ర ముందు గుగ్గిలం పొగ. పొగ తగిలితే ఈగ ఇల్లు కాలుతుందనుకుని కడుపు నిండా తేనె తాగి ప్రయాణానికి సిద్ధమవుతుంది. ఇంకో నెల రోజులు ఇట్లాగే పెడితే ఆ గుంపు తొర్ర విడుస్తుంది. జనం బెల్లం నీళ్లు సాక పోస్తే నా పెట్టెల ఈగలు కూడా వచ్చి రాయి మీద వాలుతున్నాయి. “అవ్వ ఈగల రూపంల సాక తాగుతుంది” అని వీడియోలు తీస్తున్నారు. అది ఆకలి బావా, మహిమ కాదు. చూశావా, నువ్వు చెప్పాల్సిన మాట నేను చెబుతున్నాను.

నువ్వు చెప్పినట్టు నిజం కూడా చెప్పి చూశాను. మహిళా సంఘంలో నువ్వుల కాయ చేతపట్టి, ఈగ వాలిన కాయకూ వాలని కాయకూ తేడా చూపించాను. అందరూ శ్రద్ధగా విన్నారు. “నిజమే లిడియమ్మా, ఈగ లేకుంటె గింజ లేదు” అన్నారు. “గందుకే అవ్వ ఈగల పంపింది” అన్నారు.

బుచ్చవ్వకు మంగళవారం మంగళవారం శిగం వస్తోంది, అదే, పోశవ్వ పూనుతోంది. జుట్టు విరబోసుకుని, “రాత్రి తాగొచ్చి పెండ్లాన్ని కొట్టినోడు ముందటికి రా!” అంది మొన్న. ముగ్గురు లేచారు. “నేనొక్కణ్నే అడిగిన” అంది.

ఇదంతా నవ్వుకోవడానికి రాశాను. ఇప్పుడు నవ్వు రాని సంగతి. కాంట్రాక్టరు వేరే మనుషులను తెస్తున్నాడు, ఏ దేవతకూ భయపడని వాళ్లనట. ఏప్రిల్ పదహారున రంపాలు వస్తాయి. కానుగ ఇప్పుడు మొగ్గ మీద ఉంది. పదహారుకు సరిగ్గా పూతలో ఉంటుంది. నువ్వు వచ్చేది పద్నాలుగున. ఆ సభకు ఊరంతా వస్తుంది, రోడ్డు ఇంజినీరును కూడా బాలమల్లు గద్దె పని కోసం పిలిచాడు. బావా, వచ్చి మాట్లాడు. ఈగల గురించి, చెట్ల గురించి గంట మాట్లాడు, రెండు గంటలు మాట్లాడు. రాయి జోలికి మాత్రం పోకు. నువ్వు ‘పొత్రం’ అన్న మరుక్షణం ఆ నలభై ఒక్క చెట్లకూ కాపలా లేదు.

మరిచిపోయాను. నీలగిరి తోటలు పెట్టుబడిదారీ కుట్ర అని నువ్వు రాసిన కరపత్రం నా ఈగలకు చదివి వినిపించాను. ఒప్పుకోలేదు. నీలగిరి పూత వాటికి బాగా ఇష్టమట.

లిడియా


నస్పూర్,
ఏప్రిల్ 2.

లిడియాకు,

నీలగిరి మీద నీ ఈగల అభిప్రాయం విడిగా చర్చిద్దాం. అవి భూగర్భ జలాల లెక్క చూడలేదు.

గద్దె సంగతి నేను ముందే చెప్పాను. చెప్పానా లేదా? ఒప్పుకున్నట్టు కాగితం మీద రాసి పంపు, ఫ్రేము కట్టించుకుంటాను.

పదమూడున మధ్యాహ్నం బస్సుకు వస్తున్నాను. సభలో నిజమే మాట్లాడతాను. నేను అబద్ధం ఆడడానికి మీ ఊరికి రావడం లేదు. ఏ నిజం ముందు చెప్పాలి, ఏది తర్వాత చెప్పాలి అన్నది వక్త ఇష్టం. ఇంతకంటే నన్ను బతిమాలకు. మీ అక్క బతిమాలింది చాలు.

రాత్రి అన్నంలోకి కారం వద్దు. ఎట్లాగూ నాకు తెలియదు.

పరశురాములు


తుమ్మలకుంట,
ఏప్రిల్ 18.

బావా,

సభ విడిచీ విడవగానే ఒక్క మాట మాట్లాడకుండా బస్సెక్కావు. తినలేదు కూడా. కాబట్టి రాస్తున్నాను. నువ్వు వేదిక మీద ఉన్నావు, నీకు ఊరంతా కనబడింది, నీ మొహం ఒక్కటి తప్ప. దాన్ని నేను చూశాను.

ముందు పదమూడో తేదీ సంగతి. మా అరుగు మీద నువ్వు, బుచ్చవ్వ చింతపండు గింజలు తీస్తూ కూర్చున్నారు. నేను లోపల చపాతీలు చేస్తూ విన్నాను.

“సారూ, ఆఫీసోళ్లకు అర్జీ ఎట్ల వెడ్తరు?” అంది.

నీ కళ్లు వెలిగాయి. “బతిమాలద్దు అవ్వా. దండాలు వెట్టద్దు. మొదలు ‘మా డిమాండ్లు’ అనాలె. ఒకటి, రెండు, మూడు అని లెక్క వెట్టి చెప్పాలె. ఆఖరికి ‘లేనియెడల’ అనాలె.”

“లేనియెడల అంటె?”

“మా మాట ఇనకుంటె మీ పని చెప్తం అని. మర్యాదగ.”

“మంచిగున్నది. మల్ల మొదటి సంది చెప్పు.”

రెండు గంటలు చెప్పావు. చెట్ల సంగతి, గడ్డిమందు సంగతి, గద్దె సంగతి అన్నీ వరుసగా, నీ యూనియన్ పద్ధతిలో. రాత్రి తినేటప్పుడు మా ఆయన దేవదాస్‌తో, “మీ ఊళ్లో చైతన్యం ఉన్నది ఆ ముసలామె ఒక్కదానికే” అన్నావు కూడా. ఆయన నిన్ను చూసి, నన్ను చూసి, పెరుగు వేసుకున్నాడు.

ఇక సభ. కర్పూరం బాగా వెలిగింది. ఈగల మీద నీ ఉపన్యాసం, నిజం చెబుతున్నాను, నేను చెప్పిన దానికంటే బాగుంది. అప్పుడు బాలమల్లు లేచాడు. “గియ్యన్ని సరే సార్. గా రాయి సంగతి చెప్పున్రి. దేవతనా, రాయినా?”

నువ్వు నా వైపు చూశావు. నీళ్లు తాగావు. మైకు దగ్గరికి జరిగి, “మిత్రులారా, ఆ రాయి...” అన్నావు.

అంతే. ముందు వరసలో బుచ్చవ్వ కొప్పు ఊడింది.

“ఒకటీ!” అంది. ఊరంతా లేచి నిలబడింది. “నా నలపై ఒక్క చెట్ల మీద రంపం వడద్దు! రోడ్డు పడమటికి జరగాలె! రెండూ! గట్ల మీద గడ్డిమందు బందు వెట్టాలె! మూడూ! నాకు గద్దె వద్దు! రేకులు వద్దు! ఎండ నాకు మంచిగనే ఉన్నది!” సాక చెంబుతో ఉరికొచ్చిన బాలమల్లు సగం దారిలో అట్లాగే నిలబడిపోయాడు. “నాలుగూ! నా ముందట పొగవెట్టద్దు! ఐదూ!”

ఐదు దగ్గర మరిచిపోయింది. ఊగుతోంది గాని మాట రావడం లేదు. బావా, అప్పుడు నీ మొహం చూడాల్సింది. ఆమె మూడు అన్నప్పుడే నీ పెదవులు నాలుగు అంటున్నాయి. ఐదు దగ్గర ఆగేసరికి ఉండబట్టలేక, మైకు ముందే ఉన్నదన్న సోయి లేక, “కోనోకార్పస్” అని అందించావు. నాలుగు దిక్కుల స్పీకర్లలో వినబడింది.

“కోనో... గా చెట్టు వద్దు!” అంది బుచ్చవ్వ. “కానుగ, వేప, ఇప్ప వెట్టాలె! లేనియెడలా!”

ఆ మాటకు ఊరు వణికింది. ఇంజినీరు చేతులు జోడించాడు. “లేనియెడల ఏమైతది తల్లీ?”

“నిరవధికంగ కూసుంట!”

దేవత నిరవధిక దీక్షకు దిగుతానంటే ఏ ఇంజినీరు తట్టుకుంటాడు? “జరుపుతం తల్లీ, పడమటికే జరుపుతం” అన్నాడు. పదహారున రంపాలు రాలేదు. ఇవాళ కూడా రాలేదు. కానుగ విరగబూసింది బావా. రోడ్డు మీద గులాబి, తెలుపు పూలు పడి నడిస్తే కాళ్ల కింద మెత్తగా ఉంది. పెట్టెల్లో కొత్త మైనం పాలలాగా తెల్లగా కడుతున్నాయి.

బుచ్చవ్వతో నేను ఏదో మాట్లాడుకుని చేయించానని నీ అనుమానం. బస్సు కిటికీలోంచి నువ్వు చూసిన చూపుకు అర్థం అదే. లేదు. నేనూ నీలాగే నోరు తెరుచుకుని చూశాను. సాయంత్రం వెళ్లి అడిగాను.

“అవ్వా, నిజంగనే శిగమొచ్చిందా?”

“శిగమేంది బిడ్డా? గది మీ అవ్వ పొత్రం. పదేండ్లు మీ ఇంట్ల దాంతోనే కారం నూరిన. నాకు తెల్వదా?”

“మరి మొదటి దినమే సాగిలపడ్డవ్?”

“నువ్వు చెట్టెనుక దాక్కొని గజగజ వణుకుతున్నవ్. పోరి ఒక్కతి పరేషాన్ల ఉన్నదని సాయం వట్టిన.”

“గవే మాటలు బుచ్చవ్వగనే చెప్పచ్చు గదనే సభల?”

“బుచ్చవ్వ చెప్తె ఎవలింటరు? పుట్టిన సంది చెప్తనే ఉన్న.”

నేను నవ్వుతూ అడిగాను. తర్వాత నవ్వు రాలేదు.

నువ్వు కోపంగా ఉన్నావని తెలుసు. ఎవరి మీదో రాయి.

లిడియా


నస్పూర్,
ఏప్రిల్ 26.

లిడియాకు,

ఎవరి మీద కోపమో నాలుగు రోజులు నాకూ తెలియలేదు. నీ మీద అనుకున్నాను. మైకు మీద అనుకున్నాను. మా సంఘం నుంచి సంజాయిషీ నోటీసు వచ్చింది: ‘సభలో దేవతకు మాట అందించుట’ గురించి. దానికి జవాబు రాస్తూ కూర్చుంటే తెలిసింది.

నువ్వు ఇచ్చిన మూడు అర్జీల నకళ్లు మీ అక్క దగ్గర ఉన్నాయి, తీసి చదివాను. వాటిలోనూ ఇవే కోరికలు. పడమటికి జరపమని, గట్లు వదలమని, పూసే చెట్లు పెట్టమని. ఒక చదువుకున్న మనిషి సంతకం పెట్టి మూడుసార్లు అడిగితే ఆ ఇంజినీరు తలెత్తలేదు. డెబ్బై ఏళ్లు మట్టి పిసికిన మనిషి మామూలు గొంతుతో చెబితే ఊరు వినలేదు. అదే మనిషి జుట్టు విరబోసుకుంటే అందరూ చేతులు జోడించారు. నేను ఇన్నేళ్లుగా రాళ్లతో పోట్లాడుతున్నాను. రాయి ఏం చేసింది పాపం? మనిషి మాటకు విలువ లేని చోట మనిషి దేవత వేషం వేసుకోక ఏం చేస్తుంది? వేషం విప్పించడానికి ముందు పరుగెత్తుకొచ్చే నాలాంటివాడు, ఆ మాట వినని వాడి వేషం ఎందుకు విప్పించడు? ఇది నన్ను నేను వేసుకున్న ప్రశ్న. మా సంఘానికీ అదే రాశాను. వాళ్లకు కోపం వచ్చింది. రానీ.

నీ మీద వాదన అట్లాగే ఉంది. జనాన్ని తక్కువ చేశావనే ఇప్పటికీ అంటాను. బుచ్చవ్వ మొదటి రోజే కనిపెట్టింది కదా, ఇంకెందరు కనిపెట్టి ఊరుకున్నారో నీకేం తెలుసు? పోశవ్వ వచ్చిందని ఊరు నమ్మిందని నువ్వు నమ్మావు. నాకైతే ఊరికి కూడా ఆ చెట్లు కావాలేమో అనిపిస్తోంది.

ఇప్పుడు పనికొచ్చే మాట. ‘జరుపుతం తల్లీ’ అన్నది నోటి మాట. పోశవ్వకు ఇచ్చిన మాటకు ఏ ఆఫీసులోనూ నకలు దొరకదు. పూత రాలిపోతుంది, ఆ ఇంజినీరు బదిలీ అవుతాడు, కొత్తవాడు ప్లాను విప్పుతాడు. అందుకని కింద అర్జీ రాశాను. దీనికి లిఖితంగా జవాబు వచ్చేదాకా నా నోట పొత్రం మాట రాదు. ఇది నేను నీకిస్తున్న మాట, నా జీవితంలో మొదటి రాజీ, ఎక్కడా చెప్పకు.

ఒక్క షరతు. మొదటి వేలిముద్ర బుచ్చవ్వది. బుచ్చవ్వగానే వేయాలి, కొప్పు ముడేసుకుని. ఆఫీసులో ఆమే చదివినట్టు చెప్పాలి. ఆమెకు అన్నీ నోటికి వచ్చు, ఐదోది తప్ప. ఆ పక్కన నువ్వు నిలబడి అందించు. తర్వాత నీ సంతకం, మహిళా సంఘం అంతా, చర్చి అంతా. బాలమల్లుతో కూడా పెట్టించు, పెట్టనంటే దేవత మాటను కాదంటావా అని అడుగు. (ఇది నేను చెప్పానని చెప్పకు.)

అర్జీ ఇదీ:

తుమ్మలకుంట గ్రామస్తుల డిమాండ్లు

1. తుమ్మలకుంట – చొప్పదండి రోడ్డు వెంట ఉన్న నలభై ఒక్క కానుగ చెట్లలో ఒక్కదాన్ని కూడా కొట్టకూడదు. చెట్ల మీది నంబర్లు చెరిపేయాలి.

2. రోడ్డును పడమటి వైపు ఖాళీ సర్కారు భూమిలోకి జరపాలి. మారిన ప్లాను గ్రామసభలో చదివి వినిపించాలి.

3. పంట పొలాల గట్ల మీద, కాలువ గట్ల మీద గడ్డిమందు కొట్టడం ఆపాలి. తుమ్మికూర, గడ్డిచామంతి కలుపు కాదు, మేత.

4. ఈగలున్న తొర్రల ముందు పొగ పెట్టకూడదు. వాటి పేరు మీద గద్దె, షెడ్డు, హుండీ ఏదీ కట్టకూడదు.

5. రోడ్డు నడుమ కోనోకార్పస్ పెట్టకూడదు. కానుగ, వేప, ఇప్ప, చింత, నేరేడు పెట్టాలి. మూడేళ్లు నీళ్లు పోయాలి.

6. కానుగ పూత ఉన్నన్ని రోజులు ఈ రోడ్డు మీద ఏ చెట్టు పనీ చేయకూడదు. ఈ ఏడాదే కాదు, ప్రతి ఏడాదీ.

7. మేము మనుషులుగా అడుగుతున్నాం. మనుషులకు ఇచ్చినట్టు కాగితం మీద, తేదీ వేసి, సంతకం పెట్టి జవాబివ్వాలి.